కుళాయి మూల తవ్వనివ్వకండి

ఏవండీ, పాపను కాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. అన్నం వండి మూతపెట్టాను, తినండి. రాత్రి డ్యూటీ చేసి అలిసిపోయి వస్తారని తెలుసు, అయినా పెరట్లో ప్లాస్టిక్ గడ్డి వేసే మేస్త్రీ వచ్చేదాకా పడుకోకండి.

ఉన్న గడ్డి పీకేసి బంకమట్టి మీదే పరిచేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. ఈ మట్టిలో చుక్క నీరు ఇంకదు. జానెడు లోతు తవ్వి, కంకర పోసి, దిమ్మిస కొట్టాకే పరవమనండి. ఈ మట్టి ఎండితే పగిలి పాప మోకాళ్ళు గీసేస్తోందనే కదా ఇదంతా. అడుగున నీళ్ళు నిలిచి కంపు కొడితే దాని మీద పాకేది మన పిల్లే.

కుళాయి మూల మాత్రం తవ్వనివ్వకండి. జ్వరం రాకముందు పాప తడిమట్టిలో నడిచిన అడుగులు అక్కడే గట్టిపడి ఉన్నాయి. వాన తగలకుండా రేకు బోర్లించింది నేనే. "మట్టిలో గుంటలకి కాపలా ఏంటే" అని నవ్వుతారు. నవ్వండి. మళ్ళీ నడుస్తుందో లేదో డాక్టరు కూడా చెప్పడం లేదు.

అత్తయ్యకి మందు వెయ్యడం మర్చిపోకండి.

ఇంకో మాట. ఆ మూల కూడా తవ్వించెయ్యండి. నిన్న సాయంత్రం పాపను ఎత్తి ఆ అడుగుల్లో నిలబెట్టాను. పాదాలు పట్టలేదు, అంత ఎదిగాయి. చెయ్యి వదిలితే కూలబడింది. "అమ్మా, వద్దు" అని ఏడుస్తున్నా మళ్ళీ నిలబెట్టాను. అవి అక్కడుంటే రేపు కూడా నిలబెడతాను. మేం తిరిగి వచ్చేలోపే తవ్వించండి.