వరస లేని మనిషి

2 డిసెంబరు 2024, సోమవారం

ఆమదాలవలస రైసు మిల్లులో బస్తాలు మోసే కళాసీ జట్టుకి నేను మేస్త్రీని. జట్టంతా మా వీధి వాళ్ళే. ఇవాళ మిల్లు ఆఫీసు చూసుకునే రేఖమ్మ ఒక ఆడదాన్ని తెచ్చి మా మధ్య నిలబెట్టింది. పేరు దుర్గ. పాతపట్నం అవతలి మనిషి, మాటలో కాస్త ఒడియా యాస. మగాళ్ళు చెన్నై పోతున్నారు, బయటివాళ్ళు కూడా టీములో ఉండాలి నరసింగరావు గారూ అంటుంది రేఖమ్మ. టీమేమిటి? ఇది జట్టు. బావ, మావ, బామ్మర్ది, అల్లుడు. వరస లేని మనిషికి ఇక్కడేం పని? నెలాఖరు దాకా చూద్దాం, జట్టు వద్దంటే పంపేస్తాను అంది రేఖమ్మ.

అంత దాకా ఎందుకు? నేనే పంపిస్తాను.

4 డిసెంబరు

మా పనికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు బస్తా ఎత్తి పట్టుకుంటారు. మోసేవాడు వీపు వంచుతాడు. ఎత్తేవాళ్ళు బావా, మావా అని వరస పెట్టి ఒక ఎకసెక్కం ఆడతారు. ఏటి బావా, రాత్రి మా అప్ప కూడెట్టనేదేటి అని. వాడు తిరిగి ఒకటి అంటించాలి. అంటించాడంటే కాలు కుదిరింది, ఊపిరి పట్టాడు అని గుర్తు. అప్పుడే వదలాలి. మా తాత నాటి పద్ధతి.

దుర్గని ఎవడూ వరస పెట్టి పిలవకూడదని చెప్పేశాను. పరాయి ఆడదానితో ఎకసెక్కాలేమిటి. మాటా పలుకూ లేకుండా బస్తా వీపు మీద వదిలేయండి, అదే పోతుంది అన్నాను.

5 డిసెంబరు

పోలేదు.

9 డిసెంబరు

మొండిది. రెండుసార్లు మోకాళ్ళ మీద కూలబడి లేచింది. ఎవడూ చెయ్యివ్వలేదు. ఇవ్వొద్దన్నది నేనే. అది ఉందని మగాళ్ళు వాళ్ళలో వాళ్ళు కూడా ఎకసెక్కాలు మానేశారు. గోడౌను చావింటిలా ఉంది. మధ్యాహ్నం మా మేనల్లుడు ధనరాజ్ ఇంకా కాలు కుదుర్చుకోనేలేదు, బస్తా వదిలేశారు. నడుం పట్టేసి అక్కడే పడ్డాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. లేవకూడదన్నాడు డాక్టరు.

మా ఆవిడ తమ్ముడు కొండబాబు నా ముందు ఏనాడూ నోరెత్తలేదు. ఇవాళ అందరి ఎదుటా అన్నాడు, నువ్వు నోళ్ళు కట్టేసినావు బావా, ఆడి నడుం పోనాది అని.

తప్పు దానిది. అది రాకముందు ఎవడి నడుమైనా పోయిందా?

11 డిసెంబరు

లారీ వచ్చింది. మొదటి బస్తా ఎప్పుడూ మేస్త్రీదే. ఈ వయసులో కూడా ఎవడికీ ఇవ్వను. వీపు వంచాను. ఒక కొస కొండబాబు పట్టాడు. రెండో కొస పట్టడానికి దుర్గ వచ్చింది.

ఏటి మావా, మీసం నిలబడినట్టు మోకాళ్ళు నిలబడతాయా, సూసుకో అంది.

గోడౌనంతా గొల్లున నవ్వింది. నన్ను. నా జట్టులో. నేను పలకలేదు. అది వదల్లేదు. నువ్వు పలక్కపోతే నాను వదల్ను మావా, ధనరాజ్‌ని సూసినాను కదా అంది. వంగే ఉన్నాను. లారీ వాడు హారన్ మీద హారన్. నా తల మీద బస్తా వాళ్ళిద్దరూ అలాగే ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఒక్క మాట అంటే చాలు. అంటే దానికి మావనైపోతాను.

బస్తా కింద నుంచి తప్పుకున్నాను.

నేరుగా రేఖమ్మ దగ్గరకు పోయి అదో నేనో తేల్చమన్నాను. మీ జట్టునే అడగండి అంది. అడిగాను. ఒక్కడూ నా వైపుకి రాలేదు. కొండబాబే అన్నాడు, ఆవిడ పట్టుకునే ఉన్నాది బావా, నువ్వే పలకనేదు అని.

బస్తాలు లాగే నా కొక్కెం అక్కడే విసిరేసి వచ్చేశాను.

14 డిసెంబరు

ఎవడూ రాలేదు. రానీ. వాళ్ళే వచ్చి కాళ్ళు పట్టుకుంటారు.

సాయంత్రం కొండబాబు వచ్చాడు. నా కోసం కాదు, వాళ్ళ అప్పని, అదే మా ఆవిడని, చూడడానికి. నేను వినాలనే గట్టిగా చెప్పాడు. దుర్గ ధనరాజ్ ఇంటికి పోయి, లెగరా అల్లుడా, ఎన్నాళ్ళీ సాకులు అందట. మంచం మీద వాడు నవ్వలేక చచ్చాడట. అల్లుడట! సిగ్గులేని వెధవలు.

మా ఆవిడ తవిటమ్మ అంది, నన్ను జట్టులోకి రానిచ్చుంటే నానూ మోసుందును, ఎప్పుడైనా అడిగినావా అని. నోరు మూసుకోమన్నాను. మూసుకోలేదు.

17 డిసెంబరు

మొదటి బస్తా ఇప్పుడు ఎవరు మోస్తున్నారో నేను అడగలేదు. అడగను.

20 డిసెంబరు

వెళ్ళాను. మిల్లులో వీపు వంచితే బస్తా దుర్గే ఎత్తింది.

పలికాను. ఏమన్నానో ఇక్కడ రాయను.