దాచిన పిన్ను

అమ్మాయీ,

నేను కులాసా, దగ్గు తగ్గింది.

మీ మామయ్య పోయాక, ఆఫీసులో అతను గీసిన సర్క్యూట్ బొమ్మలన్నీ చెరిపి నేనే మళ్లీ గీస్తున్నాను. ప్రతి చిప్పుకీ సిగ్నల్ వచ్చే పిన్నులు ఎడమన, వెళ్లేవి కుడిన, కరెంటు పైన, గ్రౌండ్ కింద. అతనేమో కరెంటు పిన్నులు కనబడకుండా దాచేసేవాడు. "బొమ్మ శుభ్రంగా ఉండొద్దా బావా" అని నలుగురిలో నన్ను వెక్కిరించేవాడు. దాచిన పిన్ను మహా చెడ్డది. మనం గీత గీయకపోయినా, తన పేరే ఉన్న తీగ ఎక్కడుంటే అక్కడ తనంతట తానే అతుక్కుంటుంది.

నిన్న నేను కొత్తగా గీసిన బొమ్మను కంప్యూటర్ తనిఖీ చేసి, అందులో ఒక దాచిన పిన్ను ఉందంది. దాని పేరు మీ మామయ్య ముద్దుపేరు. "మీరే పెట్టి మరిచిపోయుంటారు సార్" అన్నాడు పక్క సీటు ఇంజనీరు, నవ్వు ఆపుకుంటూ. ఆ పేరుతో బొమ్మలో ఒక్క తీగా లేదు. అయినా పిన్ను అతుక్కునే ఉందట. దేనికి అతుక్కుందో మాత్రం చూపించడం లేదు.

దయ్యాలు లేవని నీకు పుస్తకాలు చదివి వినిపించినవాణ్ణే చెబుతున్నాను, నీకు పుట్టిన బాబుకి ఆ పేరు పెట్టొద్దు. తమ్ముడి పేరని మీ అమ్మ ఏడ్చినా సరే, నా కడుపుమంట అనుకున్నా సరే.

వంటింటి కుళాయి బాగుచేయించారా? నా పాత కళ్లజోడు పంపు.

ఇప్పటికే ఆ పేరుతో పిలిచేసి ఉంటే, వాడు నీ ముఖంలోకి చూశాడో, నీ వెనక్కి చూశాడో వెంటనే రాయి.

నీకూ అల్లుడికీ దీవెనలు. బాబుకి, ఏ పేరూ లేకుండానే, నా ముద్దులు.

నాన్న