వంతెన అవతలి అడ్రసు

తమ్ముడికి,

ఆశీస్సులు. ప్రార్థన ముగించి రాస్తున్నాను. కోపం చల్లారుతుందేమోనని చూశాను. చల్లారలేదు.

చెల్లి కాలు మోకాలి కింద తీసేశారు. షుగర్ పుండు. మన వీధి చివర ఆరోగ్య కేంద్రం ఉన్నన్నాళ్ళూ నర్సు రోజూ కట్టు మార్చేది. ఆరు నెలల క్రితం దాన్ని మూసి వంతెన అవతలికి మార్చారు. కుంటుకుంటూ రెండు బస్సులు మారడం దానివల్ల కాలేదు. మూయమన్న కాగితం మీద సంతకం నీది.

"మీ వీధి మొత్తానికి షుగర్ ఉన్నది పదకొండు మందికేనటమ్మా. అవతల నాలుగు వందలట. మీ తమ్ముడుగారి శాఖ తేల్చిన లెక్కే," అన్నాడు అక్కడి కాంపౌండరు, నా మొహం చూడకుండా.

మనలాంటి కొద్దిపాటి జనానికి వైద్యంలో తేడా జరగకుండా చూడమని ప్రభుత్వం పెట్టిన శాఖ అది. ఆ కుర్చీలో నిన్ను చూసి వీధంతా మురిసింది. కంచే చేను మేసింది.

పెద్దాసుపత్రి చీటీల కిటికీ దగ్గర మన వీధి పేరు చెబితే వరస చివరికి తోస్తారని, మనవాళ్ళంతా వంతెన అవతలి వీధి అడ్రసు చెబుతారు. మీ శాఖ లెక్క కట్టింది ఆ చీటీలతోనే. మన జబ్బులు వాళ్ళ లెక్కలో పడ్డాయి, మన కేంద్రం వాళ్ళకు పోయింది. నీకు తెలియదా? నీ ఉద్యోగపు కాగితాల్లోనూ ఆ అడ్రసే ఉంది. తెలిసీ సంతకం పెట్టావు.

కేంద్రం మూసివేత మీద సోమవారం మీ ఆఫీసులో జరిగే విచారణకు వస్తున్నాను. ఈ మాట నలుగురిలో నీ ఎదుటే అంటాను.

అక్క


తమ్ముడూ,

విచారణలో "మీ దగ్గర రుజువేముందమ్మా?" అని పరాయిదాన్ని అడిగినట్టు నన్ను అడిగావు. "అక్కా అంటే కుర్చీ విరుగుతుందా?" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు.

"నా పుట్టుక కాగితంలో ఉన్న అడ్రసే రాశాను. మనవాళ్ళు ఇలా అడ్రసు మార్చి చెబుతారని నాకెవరు చెప్పారు?" అన్నావు. నిజమే. ఎనిమిదేళ్ళకే హాస్టల్‌కు వెళ్ళినవాడివి. ఆ కిటికీ దగ్గర నిలబడేది మా ఆడవాళ్ళం.

అక్కడ సగమే చెప్పగలిగాను. మిగతాది ఇది. నువ్వు పుట్టిననాడు అమ్మను నొప్పులతో మూడు గంటలు వరండాలో కూర్చోబెట్టారు. నాకు పన్నెండేళ్ళు. మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళి అవతలి వీధి పేరు చెప్పాను. వెంటనే మంచం ఇచ్చారు. నీ పుట్టుక కాగితంలోకి ఎక్కింది ఆ పేరే. ఆ కిటుకు ఇల్లిల్లూ తిరిగి నేర్పింది నేనే. అందరూ నన్ను తెలివిగలదన్నారు. చెల్లి కాలు పోవడంలో నా పాలూ ఉంది. ఇన్నాళ్ళ ప్రార్థనలో ఒక్కనాడూ ఇది ఒప్పుకోలేదు.

అయినా నిన్ను వదలను. సంతకానికి ముందు ఒక్క పూట మన వీధిలో నడిచి ఉంటే, గుడ్డపీలికలు చుట్టుకున్న కాళ్ళు గడపగడపకూ కనబడేవి.

ఇంటింటి లెక్క మళ్ళీ తీయమన్నారు మీ పెద్ద అధికారి. కేంద్రం తిరిగి రావడం దాని మీదే ఉంది. గుమస్తాలను పంపకు. మనవాళ్ళు వాళ్ళకు నిజం చెప్పరు. నువ్వే రా, పక్కన నేనుంటాను. మొదటి తలుపు చెల్లిది. అది నిన్ను తిడుతుంది, తర్వాత నన్ను. ఇద్దరం నిలబడి విందాం. అది పూర్తయ్యాక రాసుకో.

నీ అక్క