ఎనిమిదో తరగతికి కొండవాళ్ల చేతిపనులు

18 జనవరి 1988, సోమవారం

ఎనిమిదో తరగతికి కొత్త పాఠం వచ్చింది. ఉత్తర బెంగాల్ కొండవాళ్ల చేతిపనులు. లెప్చా నేత, భూటియా తివాచీలు, వెదురు పని. హెడ్‌మిస్ట్రెస్ మిసెస్ బిశ్వాస్ పిలిచి, తబితా, ఇది నువ్వే చెప్పాలి, మార్చిలో ఎగ్జిబిషన్ కూడా పెడుతున్నాం అంది. ఇరవై ఏళ్లుగా ఈ స్కూల్లో ఆడపిల్లలకు కుట్లూ అల్లికలూ నేర్పుతున్నాను. ఎవరికీ అక్కర్లేని పాఠం ఏదైనా చివరికి నాకే వస్తుంది. నేను డార్జిలింగ్ కూడా చూడలేదు.

బస్సులో వేలాడే ఓపిక లేక ఖిదిర్‌పూర్ నుంచి వాట్‌గంజ్ ఇంటి దాకా నడిచే వచ్చాను. ఇంట్లో కరెంటు లేదు.

22 జనవరి

లైబ్రరీ పుస్తకంలో బొమ్మలు చూపించాను. అన్నీ నలుపూ తెలుపూ. వెనక బెంచీ నుంచి దాలమ్మ లేచి, ఆ చారలు ఏ రంగు మిస్ అని అడిగింది. మన తెలుగు పిల్లే, తండ్రి కార్పొరేషన్‌లో పని చేస్తాడు. ఎరుపు అన్నాను. నాకేం తెలుసు.

27 జనవరి

మన హాస్టల్లోనే ఒక లెప్చా పిల్ల ఉంది కదా, స్టేజీ మీద కూర్చోబెట్టి నేయిద్దాం అంది మిసెస్ బిశ్వాస్. కళ్లు మెరిశాయి ఆవిడకి.

ఆ పిల్ల పేరు నిమ్‌కిత్. కాలింపోంగ్ దగ్గర ఏదో పల్లె. ఆరో ఏట మిషన్ వాళ్లు తెచ్చి ఇక్కడ ఫ్రీ సీటులో వేశారు. టిఫిన్ టైములో పిలిచి అడిగాను. నేత రాదంది. వాళ్లమ్మకీ రాదు. ఇంట్లో మగ్గం లేదు, మాట్లాడేది కూడా నేపాలీయే. కాసేపు గోళ్లు చూసుకుని, రాకపోతే నా సీటు తీసేస్తారా మిస్ అంది.

తీసెయ్యరన్నాను. మిసెస్ బిశ్వాస్‌కి సంగతి చెప్తే, రాకపోతే నువ్వు నేర్పు అంది.

7 ఫిబ్రవరి, ఆదివారం

చర్చి అయ్యాక నిమ్‌కిత్‌ని ఇంటికి తీసుకొచ్చాను. పుస్తకంలో ఉన్నట్టే నేత కర్రలు కట్టాం. ఒక కొస కిటికీ ఊచలకి, రెండో కొస పట్టీగా ఆ పిల్ల నడుముకి. మా అమ్మ చూసి, ఏటే ఇది, గుంటని కిటికీకి కట్టేసినావు అంది.

వాట్‌గంజ్‌లో ఒక తెలుగామె లెప్చా పిల్లకు లెప్చా నేత నేర్పుతోంది. ఇంగ్లిష్ పుస్తకం చూసి. మొదటి బెత్తెడు గుడ్డ వంకరగా వచ్చింది. రెండోదీ అంతే. అమ్మ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఎప్పటిలాగే వరి ఉడుపుల పాట తీసుకుంది.

12 ఫిబ్రవరి

ప్రత్యేక రాష్ట్రం కావాలని కొండల్లో బంద్ మొదలైంది. బస్సుల్లేవు, పోస్టు లేదు.

21 ఫిబ్రవరి

పేపర్లో కాల్పుల వార్త ఉంది. నిమ్‌కిత్ వచ్చేలోపు పేపరు పరుపు కింద పెట్టేశాను. వస్తూనే, ఉత్తరాలేమైనా వచ్చాయా మిస్ అంది. హాస్టల్‌కి రాని ఉత్తరం నా ఇంటికి ఎందుకొస్తుంది. అయినా అడుగుతుంది.

నేత కుదురుతోంది. అమ్మ పాట నడకకి తగ్గట్టు నూలు దూరుస్తోంది. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా పాటంతా పట్టేసింది. అమ్మకి ఇన్నాళ్లకి వినేవాళ్లు దొరికారు. ఇద్దరూ వచ్చీరాని హిందీలో కబుర్లు. నేను ఆ పక్కనే నిద్రపోయాను.

28 ఫిబ్రవరి

ఒళ్లు నొప్పులు. చర్చికి వెళ్లలేదు.

5 మార్చి, శనివారం

ఎగ్జిబిషన్ అయిపోయింది.

చిత్పూర్‌లో జాత్రా నాటకాల బట్టలు అద్దెకిచ్చే కొట్టు నుంచి నిమ్‌కిత్‌కి కొండ వేషం తెచ్చారు. భుజాల దగ్గర వదులైతే నేనే పిన్నులు పెట్టాను. మిసెస్ బిశ్వాస్ మైకులో, ఇది ఈ బిడ్డ తల్లి ఒడిలో నేర్చుకున్న విద్య అంది. చప్పట్లు. నిమ్‌కిత్ తల వంచుకుని నేస్తోంది. బాగానే నేస్తోంది. ఇక్కడితో గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు ముఖ్య అతిథి, ఎవరో విద్యాశాఖ పెద్దాయన, అమ్మా, నేసేటప్పుడు మీవాళ్లు పాడుకునే పాట ఒకటి వినిపించు అన్నాడు.

నిమ్‌కిత్ నా వైపు చూసింది. నేను పక్కకి చూశాను. పాడటం మొదలుపెట్టింది.

అమ్మ పాట. శ్రీకాకుళం పొలాల్లో బురదలో వంగి పాడే పాట. రెండో చరణంలో అమ్మ ఊపిరి అందక ఆగే చోట ఇదీ ఆగింది. వెనక వరసలో మన తెలుగు పిల్లలంతా తలలెత్తారు. ఒకతి నవ్వబోతే దాలమ్మ మోచేత్తో పొడిచింది. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఇందులో కొండ వాగుల చప్పుడు వినపడుతోంది అన్నాడు. నేను నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. కళ్లలో నీళ్లొచ్చాయి. పక్కనున్న బెంగాలీ టీచరు నా చెయ్యి నిమిరింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ నవ్వలేదు. మరి గుంట సరిగ్గా పాడినాదా నేదా అని అడిగింది.

8 మార్చి

పెద్దాయనతో వచ్చినవాళ్లలో ఒకాయన రేడియో మనిషట. కొండప్రాంతాల కోసం వేసే కార్యక్రమంలో ఆ పాట కావాలట. మిసెస్ బిశ్వాస్ స్వీట్లు తెప్పించింది.

తలుపు దగ్గరగా వేసి చెప్పేశాను. మేడమ్, అది తెలుగు పాట. ఆవిడ స్వీట్ల పెట్టె మూసి, మనిద్దరికీ తప్ప ఎవరికి తెలుసు తబితా అంది. వెనక బెంచీ మొత్తానికి తెలుసన్నాను. అయితే వెనక బెంచీలోనే ఉండనీ అంది.

అబద్ధం స్కూలు గోడల్లో ఉంటే భరించగలను. రేడియోలోకి వెళ్తే ఎలా? రేపు నేనే ఆ రేడియో మనిషికి ఫోన్ చేస్తాను.

9 మార్చి

ఫోన్ చేద్దామని లేచేసరికి నిమ్‌కిత్ స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి ఉంది. మిస్, ఆ రేడియో మా ఊళ్లో వినపడుతుందా అంది. వినపడొచ్చన్నాను. పోస్టు రావట్లేదు కదా, నా గొంతు వింటే మా అమ్మకి నేను ఉన్నానని తెలుస్తుంది అంది. వాళ్లమ్మ ఉందో లేదో తెలియదు ఈ పిల్లకి.

ఫోన్ చెయ్యలేదు.

12 మార్చి

రికార్డింగ్‌కి నేనే తీసుకెళ్లాను. పేరూ ఊరూ చెప్పమంటే చెప్పింది. చెప్పి, ఎవరూ అడక్కుండానే నేపాలీలో, ఆమా, మ సంచై ఛు అంది. అమ్మా, నేను బాగున్నాను అని. తర్వాత పాట.

పాటకి ముందు అన్న ఆ మాట కత్తిరించేస్తాం అన్నాడు రేడియో మనిషి. వద్దన్నాను. కార్యక్రమంలో అలాంటివి ఉండకూడదన్నాడు. పాటైనా తీసెయ్యండి, ఆ మాట మాత్రం ఉంచండి అన్నాను. నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు. ఆయన మాటివ్వలేదు.

17 మార్చి

పక్కింటి వాళ్ల ట్రాన్సిస్టర్ తెచ్చి పెట్టుకున్నాం. ప్రాచీన లెప్చా నేత పాట అని చెప్పారు. ఆ ఒక్క మాటా ఉంచారు. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

26 మార్చి

బంద్ ఎత్తేశారట. కబురేమీ లేదు. నిమ్‌కిత్ ఉత్తరాల సంగతి అడగడం మానేసింది. అడిగినప్పుడే నయం.

9 ఏప్రిల్, శనివారం

నిమ్‌కిత్ వాళ్లమ్మ వచ్చింది.

హాస్టల్ నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చింది. నా భుజం దాకా కూడా రాదు మనిషి. వీపున పెద్ద వెదురు బుట్ట, దాని పట్టీ నుదుటి మీద. రైల్లో రాత్రంతా కిందే కూర్చుని వచ్చిందట. నిమ్‌కిత్ ఆవిడ చెయ్యి వదలడం లేదు, నీళ్లు తాగడానికి కూడా.

కాలింపోంగ్ బజార్లో బరువులు మోస్తుంది. రేడియో విన్నావా అని హిందీలో అడిగాను. ఇంట్లో రేడియోకి బ్యాటరీలు లేవు, ఎవరో కిటికీలో పెట్టుకుంటే వినపడింది అంది. కూతురి పేరు విన్నదట. తర్వాత ఆమా అనడం విన్నదట. బరువు దారి మధ్యలోనే దించేసి నిలబడిపోయింది. పాటలో ముక్క అర్థం కాలేదు, బెంగాలీ బాగా నేర్చుకుంది నా కూతురు అనుకుందట. కానీ వాళ్ల చర్చిలో అందరికన్నా ముసలాయన, ఇది మన పాతకాలం పాటే, మా అవ్వ పాడేది అని ఏడ్చాడట. ఇప్పుడు ఊరంతా అదే మాట.

నేను నిజం చెప్పాను. పాట మా అమ్మది, సముద్రం పక్క పొలాల్లోది, మీది కాదు అని. ఆవిడ, ఆ ముసలాయనకి మాత్రం చెప్పకండి అంది. తర్వాత, ఇంతకీ ఆ పాటకి అర్థమేంటి అని అడిగింది.

సగం మాటలు నాకే తెలియవు. అమ్మని అడిగాను. నాకేటి తెలుసే, మా యమ్మ పాడీది, నానూ పాడతన్నాను అంది.

11 ఏప్రిల్, సోమవారం

ఆవిడని క్లాసుకి తీసుకెళ్లాను. పాట ఎవరిదో, నేత నేనెక్కడ నేర్చుకున్నానో పిల్లలకి చెప్పేశాను. మీకు వచ్చింది చూపించండి అని ఆవిడని అడిగాను.

దాలమ్మని బుట్టలో కూర్చోబెట్టి, పట్టీ నుదుటికి తగిలించుకుని వరండా అంతా నడిచింది. పిల్లలందరూ వరస కట్టారు. అందరి వంతూ అయ్యాక నన్ను రమ్మంది. నేను బరువు, వద్దన్నాను. వినలేదు.

నా కాళ్లు నేల మీంచి లేచాయి. బెల్లు కొట్టారు. నేను దిగలేదు.