దోమతెరలో పెద్దబాతు నూగు

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు పోయాక సగంలో ఆగిన నీ స్లీపింగ్ బ్యాగ్‌ను ఇవాళ పూర్తిచేశాను. మనిద్దరం వెళ్దామనుకున్న మంచుకొండలకు వచ్చే వారం నేనొక్కదాన్నే బయల్దేరాలి. వెళ్ళగలనో లేదో ఇప్పటికీ తెలియదు.

పెద్దబాతు నూగు ఈకల పొట్లం విప్పగానే, తిరుగుతున్న ఫ్యాను దాన్ని గదంతా ఎగరేసింది. ఫ్యాను ఆపి, దోమతెరలో కూర్చుని, చెమటలు కారుతుంటే బ్యాగ్ అరల్లో కూరాను.

"ఏందమ్మాయ్, నరసరావుపేట ఎండలకి ఈకల బొంతా? చానా చలేస్తందా?" అని పక్కింటి పిన్ని ఒకటే నవ్వు.

గుడ్డ నీ పొడవుకు కత్తిరించావు. పడుకుని చూస్తే నా పాదాల కింద జానెడు మిగిలింది. ఖాళీ ఉంటే కాళ్ళకు చలి అనేవాడివి. కత్తెర తీశాను, పెట్టేశాను, మళ్ళీ తీశాను. చివరికి ఆ జానెడులోనూ నూగు నింపి కుట్టేశాను.

అక్క