యా-వెన్ కంప్యూటర్‌కి వెనక పలక

ఏమండీ,

లాంగ్‌షాన్ గుడికి వెళ్తున్నాను. మన అమ్మాయి యా-వెన్ పోయి ఈరోజుకి ఏడో రోజు. ఏడో రోజున పోయినవాళ్ల ఆత్మ ఇంటికొస్తుంది కదా, సాయంత్రం ఇల్లు చూసుకోవడానికి వస్తుంది. అప్పటికి తన కంప్యూటర్ వెలగాలి. కంప్యూటర్‌ని చల్లబరిచే నీళ్ల గొట్టాలన్నీ తనే బిగించింది. గ్రాఫిక్స్ కార్డుకి వెనక పలక ఒక్కటే మిగిలింది. నాకూ చేతనవును, కానీ అది మీరే బిగించాలి.

వేడి లాగే మెత్తటి పట్టీలకు రెండువైపులా ఉన్న పల్చటి పొర ఒలిచేసి, కార్డుకీ పలకకీ మధ్య పెట్టండి. కార్డుకున్న పొట్టి స్క్రూ ఒకటి తీసి, అక్కడ పొడుగుది బిగించాకే ఇంకొకటి తీయండి. అన్నీ ఒకేసారి తీస్తే అవతలివైపున్న నీళ్ల దిమ్మ కదిలిపోతుంది.

ఆ కార్డు ఒక్క నిమిషం పట్టుకోమని తను మిమ్మల్ని మూడుసార్లు పిలిచింది. "ఆడపిల్లవి, నీకెందుకే ఈ మెకానిక్ పని" అన్నారు. ఇప్పుడు పిలిచేవాళ్లు లేరు. మీరే మొదలుపెట్టండి.

ష్యూ-చిన్

కంప్యూటర్ బుద్ధిగా నడవాలని తను దాని మీద పెట్టుకున్న ఆకుపచ్చ చిరుతిండి పొట్లం మీరు తినేశారు. "నాన్న నెత్తిన కూడా ఒకటి పెట్టాలమ్మా" అని నవ్వేసింది. కొత్తది కొని బల్ల మీద ఉంచాను. ఆకలేస్తే కుక్కర్‌లో అన్నం ఉంది. ఆ పొట్లాన్ని మాత్రం ముట్టుకోకండి.