వసారాలో కంకుల కుచ్చు

నాగాయలంక,
మంగళవారం.

మంగినపూడి బావగారికి నమస్కారం.

మీ ఫోను కలవక ఈ ఉత్తరం బస్సులో పంపుతున్నాను. ఉప్పునేలలో పదేళ్లు కంకులు ఏరి మా నాన్న తీసిన వరి రకాన్ని ఒక కంపెనీ తన పేరున రిజిస్టరు చేయమంటోంది. నేను అభ్యంతరం పెడితే, రిజిస్టరు ఆఫీసువాళ్లు శుక్రవారంలోగా మా విత్తనం చూపించమన్నారు.

మాది వరదలో కుళ్లిపోయింది. నాన్న అడిగినవాళ్లందరికీ కుంచానికి కుంచం మార్చి ఇచ్చారు, కాగితం లేదు. కంపెనీ మనిషికీ అలాగే ఇచ్చి, "విత్తనం దాచుకుంటామేంట్రా" అన్నారు. తీసుకున్నవాళ్లంతా మర పట్టించేశారు.

మీ ధాన్యమూ మిల్లుకెళ్లిందని అక్క పోయిన నెల చెప్పింది. కానీ పిచ్చుకల కోసం మీ వసారాలో కట్టిన కుచ్చు ఆ పంటదే కదా! వెంటనే దింపి లోపల పెట్టండి. రేపు వస్తున్నాను. ఎన్ని గింజలు మిగిలాయో ముందే చెప్పకండి బావగారూ.

మీ బావమరిది